నవారు స్లింగుతో గురి తప్పిన రోజు

కొత్తగా ఫారెస్టు డిపార్ట్‌మెంటులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషిని పలకరించి పోదామనే వస్తారు, కానీ కాఫీ చేతికి అందకముందే అసలు ప్రశ్న బయటపడుతుంది. "మేడమ్, మీ చేతిలో రైఫిల్ ఉండేదట కదా! ఎన్ని పందుల్ని కొట్టారు?" వాళ్ళ కళ్ళలో ఆ వెలుగు చూస్తే నాకూ హుషారు వచ్చేస్తుంది. కుర్చీ ముందుకు లాక్కుని, "ముందు స్లింగు గురించి చెప్తాను, వినండి" అంటాను. అంతే, సగం మంది మొహాలు వాడిపోతాయి. తుపాకీని భుజానికి తగిలించుకునే పట్టీ గురించి వినడానికి ఎవరొస్తారు చెప్పండి?

కానీ నా ఉద్యోగం మొత్తంలో ఒళ్ళు ఝల్లుమన్న పొద్దు ఒకటుంటే, అది ఆ పట్టీ తెచ్చిపెట్టిందే. వచ్చినవాళ్ళకి ఆ కథ సగమే చెప్పేదాన్ని. ఈసారి మొత్తం రాస్తున్నాను.

అనకాపల్లి చుట్టుపక్కల చెరకుతోటలు ఎంతెత్తు పెరుగుతాయో, వాటిలో అడవిపందులు ఎంత దర్జాగా కాపురాలు పెడతాయో మీకు తెలుసు. సరదా వేట మన చట్టంలో లేదు. పంట నాశనం చేస్తున్న పందిని, అదీ రాతపూర్వకంగా అనుమతి వచ్చాక, డిపార్ట్‌మెంటు ఒప్పుకున్న మనిషే కొట్టాలి. మా రేంజిలో నేనే ఆ మనిషినయ్యాను. ట్రైనింగులో ఫైరింగు రోజున నా గుళ్ళు అన్నీ బోర్డు మధ్యలో పడ్డాయని రేంజర్ గారికి ఎవరో చేరవేశారు. పైగా ఆయనకి నడుం నొప్పి. పాత 315 బోరు స్పోర్టింగ్ రైఫిల్ తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇక మీదే భారం" అన్నారు.

భారమే. ఎత్తు తక్కువ మనిషిని నేను. నాతోటి మగవాళ్ళు నా ముందే అనుకునేవారు, "మేడమ్ రైఫిల్ని మోస్తారా, రైఫిల్ మేడమ్‌ని మోస్తుందా" అని. నవ్వి ఊరుకునేదాన్ని. నాకు తెలుసు కదా, గురిపెట్టాక పొడుగూ పొట్టీ ఉండదని. కానీ గురిపెట్టే చోటిదాకా దాన్ని మోసుకెళ్ళాలిగా! అక్కడే వచ్చింది చిక్కు.

రైఫిల్‌తో పాటు వచ్చిన తోలు స్లింగు ఏ ఆరడుగుల ఆసామి కోసమో చేసింది. ఆఖరి రంధ్రానికి బిగించినా బట్, అదే తుపాకీ మడమ, నా పిక్కలకి కొట్టుకునేది. గొట్టం కిందికి పెట్టి మోద్దామంటే, తోట గట్టు దిగినప్పుడల్లా మూతి బురదలో గుచ్చుకుంటుందేమోనని భయం. గొట్టంలో మట్టి దూరాక పేలిస్తే పోయేది పంది కాదు, మనం. పోనీ స్కూలు సంచీలా మెడ మీంచి అడ్డంగా వేసుకుందామని చూశాను. చేతులు ఖాళీగా ఉంటాయి, గట్లు ఎక్కడం సుఖం. కానీ తీయాల్సిన క్షణం వచ్చిందా, నా జుట్టుముడీ, ఐడీ కార్డు తాడూ, స్లింగూ మూడూ కలిసి పెనవేసుకుపోయేవి. ఆఫీసు వెనక పెరట్లో ప్రాక్టీసు చేస్తుంటే డ్రైవరు వచ్చి కత్తెర తెమ్మంటారా అని అడిగాడు. జుట్టు కత్తిరించడానికో స్లింగు కత్తిరించడానికో అడగలేదు నేను.

అప్పుడు పట్టుకుంది నాకు స్లింగు పిచ్చి. స్టేషను దగ్గర చెప్పులు కుట్టే ఆయన చేత నా భుజం కొలతకి కొత్త తోలు పట్టీ చేయించాను. బాగానే చేశాడు పాపం, కానీ అడుగు వేస్తే చాలు కిర్రుమనేది. కొత్త చెప్పులేసుకుని చర్చికి ఆలస్యంగా వెళ్ళినట్టు, అందరూ వెనక్కి తిరిగి చూసే చప్పుడు. వాన పడ్డాక బిగుసుకుపోయి బూజు పట్టింది. తర్వాత నైలాన్ పట్టీ. తేలికే, నానదు, కానీ యూనిఫాం భుజం మీద నిలిచేది కాదు, నున్నగా జారిపోయేది. దాని ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి, సర్దుకుంటే టక్కుమనేది. ఒకసారి తోట గట్టు మీద గంటకు పైగా కదలకుండా కూర్చున్నాం. పంది తల బయటపెట్టింది. నేను క్లిప్పు సర్దాను. టక్. పంది లేదు. పక్కనున్న వాచరు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. "ఇంటికెల్లమని బెల్లు కొట్టేసేరు మేడమ్మా!"

ఈ వాచరు గురించి చెప్పాలి. మా రేంజిలో చెట్టూ పుట్టా అన్నీ ఎరిగిన మనిషి. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను మేడమ్మా అనేవాడు. నా కంటే పెద్దవాడు, నా కంటే ఎక్కువ తొందరపడేవాడు. ఏ పని చెప్పినా, చెప్పిన దానికి ఒక మెట్టు ఎక్కువ చేసి తెచ్చేవాడు. ఆ ఎక్కువ మెట్టు దగ్గరే మా ఇద్దరికీ గొడవ వచ్చేది.

చివరికి నాకు నవారు తట్టింది. మంచాలకి అల్లే నూలు నవారు! వెడల్పుగా ఉంటుంది కాబట్టి బరువు భుజమంతా పరుచుకుంటుంది. నూలు కాబట్టి జారదు, చప్పుడు చేయదు. బజారులో మంచాల కొట్టుకి వెళ్ళాను. "మంచం ఎంత పొడుగండీ?" అన్నాడు కొట్టతను. "మంచానికి కాదండీ, తుపాకీకి" అన్నాను. నవారు చుట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మళ్ళీ చెప్పుల ఆయన దగ్గరికే వెళ్ళి, రెండు కొసలకీ తోలు అతికించి, తుపాకీ రింగులకి తగిలే చోట గుడ్డ చుట్టించాను. భుజాన వేసుకుని ఆఫీసు చుట్టూ నడిచాను. ఆహా! రైఫిల్ నాలో ఒక భాగమైపోయింది. అంతకుముందు మూడు పట్టీలతో పడ్డ పాట్లన్నీ మరిచిపోయాను. చిన్నపిల్లలా ఇంకో చుట్టు తిరిగాను.

ఒక్కటే లోపం, తెల్లగా ఉంది.

"మల్లెపూవులా మెరిసిపోతంది మేడమ్మా," అన్నాడు బాబాయ్. "పంది సంగతొగ్గీండి. రైల్లో పోయేవోడికి కూడా కనిపిత్తాది."

"రంగు వేయిద్దాం బాబాయ్."

"మీకెందుకు, నాను సూసుకుంటాను గదా! ఇలాగియ్యండి."

ఇచ్చాను. ఆయన ఊళ్ళో బెల్లం గానుగ ఉంది. పెనం మీద చెరకుపాలు మరుగుతుంటే పైకి మడ్డి తెట్టు కడుతుంది, దాన్ని గరిటెతో తీసి పారేస్తారు. గానుగ దగ్గర పనిచేసేవాళ్ళ పంచెలు మీరు చూసే ఉంటారు, ఆ తెట్టు పడిపడి ఎన్ని ఉతుకులకీ వదలని గోధుమరంగులోకి దిగిపోతాయి. బాబాయ్ లెక్క అది. నా స్లింగుని రెండు పూటలు ఆ తెట్టులో నానబెట్టాడు. తెచ్చి చూపిస్తే నాకు ముద్దొచ్చింది. ఎండుటాకు రంగు! చెరకుతోటలో పెడితే కనిపించదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కమ్మటి బెల్లం వాసన.

"ఉతికారా బాబాయ్?"

"ఒకసారి కాదు, మూడు సార్లు ఉతికేను మేడమ్మా!"

ఎక్కడ ఉతికాడో అడగాలని నాకు తోచలేదు. గానుగ దగ్గరే, చెరకుపాల బిందెలు కడిగే కుండీలో ఉతికాడట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

సరే, ఇక అసలు సంగతికి వస్తాను. బుచ్చయ్యపేట దాటాక కొండ అంచున ఒక ఊరు. చెరకు నరుకుడు జోరు మీద ఉంది. అక్కడ ఒక పద్ధతి ఉండేది. పెద్ద తోటకి నాలుగు కూలి ముఠాలు దిగేవి. ఏ ముఠాకి ఆ ముఠా తన వైపు గట్టు మీంచి నరుక్కుంటూ లోపలికి వచ్చేది, నరికిన చెరకు గెడలు తమ వైపు ట్రాక్టరుకి దగ్గరగా ఉంటాయని. వాళ్ళకి అది సుఖమే. కానీ నాలుగు వైపులా నరుక్కుంటూ వస్తే, తోటలో దాక్కున్న ప్రతి జీవీ వెనక్కి వెనక్కి జరిగి, ఆఖరికి మధ్యలో మిగిలిన ముక్కలో ఇరుక్కుంటుంది. కుందేలైతే పారిపోతుంది, పామైతే పక్కకి పోతుంది. ఆ రోజు ఇరుక్కున్నది మగ పంది. నడిమి ముక్కలోకి మొదట అడుగుపెట్టిన మనిషి తోట రైతే. తొడ చీల్చేసింది. అనకాపల్లి ఆస్పత్రిలో కుట్లు వేశారు.

అనుమతి కాగితం చేతికొచ్చి మేం వెళ్ళేసరికి సాయంత్రం. ముఠాలవాళ్ళు కత్తులు పక్కన పడేసి గట్ల మీద కూర్చున్నారు. "మాం దిగం బావా" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. రైతు భార్య మా జీపుకి ఎదురొచ్చింది. నా వయసే ఉంటుంది. ఏడుపు లేదు, కోపం ఉంది. తుపాకీని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ జీపులోకి తొంగి చూసింది, ఇంకా ఎవరైనా మగమనిషి దిగుతాడేమోనని.

"ఇంకెవుల్లేరా మేడమ్?"

"లేరక్కా, నేనే."

"నా మొగుడి తొడ సీల్సేసింది. ఇంకొకుల్ని పొడిసేదాకా సూత్తా కూకోమంటారేటి? రేపు పొద్దున్న మీరు కొట్టండి. నేపోతే ఆ ముక్కకి అగ్గెట్టెత్తాను."

చుట్టూ ఎక్కడ చూసినా ఎండాకు. పక్క తోటలకి నరుకుడు ఇంకా మొదలు కాలేదు. ముఠాలవాళ్ళు ఆ గట్ల మీదే తాటాకు గుడిసెలు వేసుకుని పిల్లలతో సహా ఉంటున్నారు. "అక్కా, ఆ మాట అనకు. గాలి తిరిగితే గుడిసెలు ఉండవు. పొద్దున్నకల్లా పందిని బయటికి పంపే పూచీ నాది" అన్నాను. పూచీ అని నోరు జారాక ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఇంకెవరికీ రక్తం కారకుండా ఆ ముక్కని ఖాళీ చేయించాలి. నా ముందున్న పని అదొక్కటే.

తెల్లారేసరికి ఏర్పాట్లు చేశాం. నేల మీద నిలబడి నేలబారుగా పేలిస్తే గుండు ఎంతదూరం పోతుందో చెప్పలేం. ఎత్తు మీంచి కిందికి పేలిస్తే మట్టిలో దిగుతుంది. అందుకని చెరకు నింపిన ట్రాక్టరు తొట్టిని రోడ్డు వైపు గట్టు పక్కన నిలబెట్టించాను. నేను లోడు మీదికి ఎక్కి కూర్చోవాలి. జనమంతా తొట్టి వెనకే ఉండాలి. కొండ వైపు ఒక్కరు కూడా ఉండకూడదు. ఇటునుంచి డబ్బాలు వాయిస్తే పంది ఆ వైపే బయటికొచ్చి, నరికేసిన మోళ్ళ మధ్య పరిగెడుతుంది. అక్కడ కొట్టాలి. బాబాయ్ జనాన్నంతా తోలుకొచ్చి తొట్టి వెనక నిలబెట్టాడు. రైతు భార్య ఏదని అడిగాను. మొగుడికి క్యారేజీ పట్టుకుని ఆస్పత్రికి బయల్దేరిందని ఎవరో అన్నారు. సరేననుకున్నాను.

రెండు చేతులా గెడలు పట్టుకుని లోడు ఎక్కాను. స్లింగు ఒక్క అంగుళం జారలేదు, చిన్న చప్పుడు కూడా చేయలేదు. పైన కుదురుకుని, ఎడమ మోచేతికి పైన నవారుని ఒక చుట్టు చుట్టి బిగించాను. ఇలా చేస్తే పట్టీ చేతికీ తుపాకీకీ మధ్య బిగుసుకుని గురి కదలదు. పిల్లలూ, స్లింగు మోయడానికే కాదు, గురికి కూడా పనికొస్తుంది, ఈ ముక్క మాత్రం గుర్తుపెట్టుకోండి. కింద కుర్రాళ్ళు సెల్‌ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. నా లోపల మాత్రం డబ్బాల కంటే ముందే గుండె వాయించేస్తోంది. అంత ఉత్సాహం నాకు పెళ్ళిలో కూడా లేదు, మా ఆయన వింటే ఏమనుకున్నా సరే.

బాబాయ్ చెయ్యి ఊపాడు. డబ్బాలు మొదలయ్యాయి. నడిమి ముక్కలో గెడలు ఒక వైపుకి ఒరిగాయి, మళ్ళీ నిలబడ్డాయి, ఇంకా అవతలికి ఒరిగాయి. వచ్చేస్తోంది! కొండ వైపు అంచున గెడలు విడిపోయి నల్లటి తల బయటికొచ్చింది, తర్వాత భుజాలు, తర్వాత మొత్తం మనిషి, అదే, మొత్తం పంది. ఎంత పెద్దదర్రా! దూడంత ఉంది. బయటికొచ్చి, పక్కకి తిరిగి, నాకు నిండుగా ఒళ్ళు చూపిస్తూ ఆగిపోయింది. ఇంతకంటే మంచి గురి ఎవరికీ దొరకదు. సేఫ్టీ తీశాను. వేలు ట్రిగ్గరు మీదికి పోయింది.

సరిగ్గా అప్పుడు నా మెడ మీద నిప్పురవ్వ పడ్డట్టయింది.

ఒకటి కాదు, రెండు, నాలుగు, పది. గండుచీమలు! చెరకు లోడులో ఉన్న గండుచీమలన్నిటికీ నా స్లింగు పండగ భోజనంలా దొరికింది. నవారు వెంబడి బారు కట్టి, మోచేతి చుట్టూ తిరిగి, చొక్కా మెడపట్టీలోకి దూరేశాయి. పళ్ళు బిగించాను. కదలకూడదు, కదలకూడదు అనుకుంటున్నాను. ఒకటి కనురెప్ప మీదికి ఎక్కింది. ఇంక నా వల్ల కాలేదు. చెయ్యి పట్టీలో బిగుసుకుపోయి ఉంది కాబట్టి విదిలించడానికి కుదరదు. రైఫిల్ దించి, చుట్టు వదులు చేసి, మెడ మీద ఫట్టుమని కొట్టుకున్నాను. పోయిందే అవకాశం అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తల ఎత్తాను. పంది ఒక నాలుగడుగులు పక్కకి జరిగింది. ఇందాక అది నిలబడ్డ చోటుకి నేరుగా వెనకాల, తోటకి నీళ్ళు వదిలే బోదెలో ఎండాకు పోగు ఉంది. ఆ పోగు కదిలింది. అందులోంచి నీలంరంగు చీర కొంగు కనిపించింది.

ప్రభువా!

రైతు భార్య. ఆస్పత్రికి పోలేదు. కొండ వైపు నుంచి బోదెలో పాక్కుంటూ వచ్చి, చేతిలో అగ్గిపెట్టెతో కూర్చుని ఉంది. నేను పేల్చి ఉంటే, గుండు ఏ కాస్త పైకి పోయినా, పందిని దాటి పోయినా, అటే వెళ్ళేది. తొట్టి వెనకున్న జనానికి నడిమి ముక్క అడ్డం, ఆవిడ కనిపించదు. ఆ పొద్దున ఆవిడని చూసింది నేనూ, పందీ.

పందికి వాసన తగిలింది. మొహం అటు తిప్పింది. ఆవిడ లేచి నిలబడింది. గీసిన అగ్గిపుల్ల చేతిలో అలాగే ఉంది, అరవడం కూడా మర్చిపోయింది. పంది తల దించింది. తల దించిందంటే తర్వాత ఏం చేస్తుందో ఆవిడ మొగుడి తొడని అడగాలి. నాకు ఆలోచించడానికి టైము లేదు. పందిని కొట్టలేను, ఆవిడ మరీ దగ్గర. రైఫిల్ ఎత్తి, ఆవిడకి బాగా దూరంగా, ఎడమ పక్కన ఖాళీ బోదె గట్టు మీద గురి పెట్టాను. తడి మట్టి, వెనకా ముందూ ఎవరూ లేరు. పేల్చాను.

గట్టు పేలిపోయినట్టు, తొట్టి వెనకున్నవాళ్ళకి కూడా కనిపించేంత ఎత్తున మట్టి లేచింది. పంది గిరుక్కున కుడివైపుకి తిరిగి మోళ్ళ మీంచి పరుగే పరుగు! కాలవ దూకింది, తుప్పల్లో పడింది, కొండ ఎక్కేసింది. రైతు భార్య చేతిలోంచి పుల్ల జారి ఆకు మీద పడింది. ఒక చిన్న పొగ లేచేలోపే ఆవిడ ఒట్టికాలితో తొక్కేసింది. తర్వాత నా వైపు చూసింది. అంత దూరంలో కూడా మా ఇద్దరి చూపులూ కలిశాయి. నేను ఎడమ వైపుకి, పంది పోని దిక్కుకి, చెయ్యి చూపించాను. వంగి, బోదెలోంచి పారిపోయింది.

కింద గోల మొదలైపోయింది. "తప్పిపోనాదిరోయ్!" "పందినొగ్గేసి గట్టుని కొట్టిందేటి!" "సూడు బావా, ఇక్కడ సూడు, మెడ మీద కొట్టుకుంటంది!" వీడియో అప్పుడే ఒకళ్ళ ఫోన్లోంచి ఒకళ్ళ ఫోన్లోకి పాకిపోతోంది. బాబాయ్ మొహం చూడాలి, ఆయన కొడుకు పరీక్ష తప్పినట్టు ఉంది. నేను లోడు దిగేసరికి రోడ్డు వైపు నుంచి రైతు భార్య వచ్చి జనంలో కలిసింది. జుట్టులో ఎండాకు ముక్కలు. పిడికిలి బిగించి ఉంది.

"ఆస్పత్రికి ఎల్లనేదేటి?" అని ఎవరో అడిగారు.

"ఎల్తన్నాను," అంది నన్నే చూస్తూ.

నేను నోరు తెరిస్తే నా పరువు నిలబడుతుంది. ఆవిడని ఏం చేస్తారో నాకు తెలుసు. వాళ్ళ పిల్లలు పడుకున్న గుడిసెల పక్కనే అగ్గి పెట్టబోయిందని తెలిస్తే ముఠాలవాళ్ళు ఊరుకుంటారా? పైగా ఆవిడ చెడు తలపుతో వచ్చింది కాదు. అటు మంట పెడితే పంది ఇటు తుపాకీ దగ్గరికే వస్తుందని లెక్క వేసింది. నాతో చెప్పి ఉంటే వద్దనేదాన్ని, అందుకే చెప్పలేదు. అందరికీ వినిపించేలా అన్నాను. "గురి తప్పింది. పంది కొండెక్కేసింది. లోపల ఇంకేం లేదు, నరుక్కోవచ్చు."

ఎవరూ కదల్లేదు. గురి తప్పిన మనిషి మాట ఎవరు నమ్ముతారు? అప్పుడు రైతు భార్య పక్కనున్నవాడి చేతిలో కత్తి లాక్కుంది. చీర కొంగు నడుముకి దోపుకుని, ఎవరితో ఒక్క మాట అనకుండా నడిమి ముక్కలోకి నడిచింది. ఒక్కతే. మొదటి దుబ్బు నరికి గెడలు బయటికి విసిరింది, రెండోది నరికింది. సిగ్గుపడి ఒకడు లేచాడు. తర్వాత ఇంకొకడు. కాసేపటికి నాలుగు ముఠాలూ లోపలే ఉన్నాయి. మధ్యాహ్నానికి ఆ తోటలో నిలబడ్డ గెడ లేదు.

మేం జీపు ఎక్కబోతుంటే ఆవిడ వచ్చింది. నా మెడా చెయ్యీ చూసింది, దద్దుర్లు దద్దుర్లుగా వాచిపోయి ఉన్నాయి. ఆకు, వక్కలు పెట్టుకునే సంచీలోంచి సున్నం తీసి, నన్ను అడక్కుండానే ఒక్కొక్క దద్దురుకీ రాయడం మొదలుపెట్టింది.

"ఎందుకు సెప్పనేదు?" అంది, నాకు మాత్రమే వినిపించేలా.

"ఏం చెప్పాలక్కా? పందిని పంపిస్తానన్నాను. పంపించాను."

"అందరూ నవ్వుతన్నారు సెల్లీ." అప్పటిదాకా మేడమ్ అన్న మనిషి. ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాబాయ్ జీపులోంచి "మేడమ్మా, పొద్దుపోతంది" అని కేకేశాడు. సున్నం ఆరకముందే ఎక్కేశాను.

రేంజర్ గారు మీటింగులో ఆ వీడియో పెద్ద స్క్రీను మీద వేయించారు. "ఏమ్మా, చీమ కుట్టిందని రైఫిల్ దించేస్తారా ఎవరైనా?" "చీమ కాదండీ, చీమలు" అన్నాను. గది గదంతా నవ్వు. ఆ రోజు నుంచి నేను చీమల మేడమ్‌ని. బదిలీ మీద ఎక్కడికి వెళ్ళినా ఆ పేరు నాకంటే ముందే వెళ్ళేది. బాబాయ్ మాత్రం నవ్వలేదు. గానుగ కుండీ సంగతి ఒప్పుకుని, స్లింగుని తీసుకెళ్ళి మంచినీళ్ళలో ఎన్నిసార్లు ఉతికాడో, నవారు మళ్ళీ తెల్లబడిపోయింది. ఈసారి ఇంకు వేశాం. అదే స్లింగుని రిటైరయ్యేదాకా వాడాను. మీలో ఎవరికైనా రైఫిల్ చేతికొస్తే నవారే కుట్టించుకోండి, కానీ బెల్లం దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి.

ఇంకో సంగతి. ఆ ఊళ్ళో తర్వాతి ఏడు నుంచి నాలుగు వైపులా నరకడం మానేశారు. రోడ్డు వైపు మొదలుపెట్టి కొండ వైపుకి నరుక్కుంటూ వెళ్తారు. లోపల ఏ జంతువున్నా ముందుకి జరిగి జరిగి కొండెక్కి పోతుంది. పట్టుబట్టి అలా చేయించింది ఆ రైతు భార్యే. పక్క ఊళ్ళకి వెళ్ళి ముఠాలవాళ్ళతో పోట్లాడి మరీ చేయించింది. నా చేతిలో రైఫిల్‌కి పని తగ్గిపోయింది, నాకూ అదే కావాలి.

ఇదంతా రాయాలనుకున్నప్పుడు ఆవిడకి ఫోను చేశాను. మొగుడు బాగానే ఉన్నాడట, కాస్త కుంటుతాడు, తోటకి వెళ్తూనే ఉన్నాడు. "అక్కా, ఆ రోజు సంగతి రాస్తున్నాను. నువ్వు కనిపించకుండా రాస్తాలే, చీమల గురించే రాస్తాను" అన్నాను.

ఆవిడ గట్టిగా అంది. "నన్నెందుకు తీసెత్తావు? నన్ను తీసెత్తే నువ్వు గురి తప్పినట్టే మిగిలిపోతావు గదా. ఇన్నేళ్ళు నవ్వేరు, సాల్లే. నానక్కడున్నానని రాయి. అగ్గిపెట్టట్టుకుని కూకున్నానని రాయి. నాను బతికి మాటాడతన్నానని కూడా రాయి."

అందుకే రాశాను. పిల్లలూ, ఆ పొద్దున నా గురి తప్పలేదు.